సున్నపు గోడల నడుమ: ఒక పాత గ్రంథాలయ భవనం లోపలి పునరుద్ధరణలో నా అనుభవం

కృష్ణా డెల్టాలోని ఒక పట్టణంలో 1930ల నాటి గ్రంథాలయ భవనానికి లోపలి పని చేసిపెట్టమని నాకు వచ్చిన ఉత్తరంలో కావలసినవి నాలుగే రాశారు: కొత్త ఫాల్స్ సీలింగు, గోడలకు పుట్టీ పెట్టి ఎమల్షన్ రంగు, హాలుకు ఏసీలు, కొత్త ఫర్నిచరు. పని ముగిసేసరికి వాటిలో మొదటి మూడూ ఆ భవనంలో లేవు. నాలుగవది కూడా సగమే కొత్తది. అలా ఎందుకు జరిగిందో, పాత ప్రజా భవనం లోపల ఇంటీరియర్ డిజైనరు చేయవలసిన పని ఏ దారిన నడుస్తుందో రాసిపెడితే, ఇలాంటి పని చేపట్టబోయేవారికీ, తమ ఊళ్లో ఇలాంటి భవనం ఉన్నవారికీ ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను.

అంతకుముందు నేను చేసినవి ఎక్కువగా ఇళ్లు, దుకాణాలు, ఆఫీసులు. అక్కడ బిల్డరు అప్పగించిన ఖాళీ గోడల మధ్య ఏం పెట్టాలన్నదే ప్రశ్న. ఇక్కడ ప్రశ్న తలకిందులైంది. ఎనభై తొంభై ఏళ్లుగా ఒకరి తరువాత ఒకరు పెట్టుకుంటూ వచ్చిన వాటిలో ఏది తీయాలి, ఏది ఉంచాలి అన్నది తేలితే గాని కొత్తగా ఏం పెట్టాలన్న మాటే రాదు. నా లెక్కలో ఈ పనిలోని డిజైనంతా ఆ తీసివేతలోనే ఉంది. మిగిలినది దానిని అనుసరించి వచ్చింది.

భవనం పుట్టుక గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే దాని ఆకృతికి కారణం అందులోనే ఉంది. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం, 1914లో అక్కడే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం ఏర్పడిన తరువాత, డెల్టా పట్టణాలలో చందాలు పోగుచేసి గ్రంథాలయాలు కట్టుకోవడం ఒక ఉద్యమంగా సాగింది. ఈ భవనం ఆ కోవలోనిదే. మధ్యలో పొడవాటి చదువుకునే హాలు, ఇరువైపులా గదులు, ముందొక వరండా, వెనుకొక వరండా, ఒక మూల మేడ మీద ఒకే గది. గోడలు సున్నంలో కట్టిన ఇటుక గోడలు, 18 అంగుళాల మందం. ఇప్పుడు అందరూ వాడేది రోడ్డు వైపు వాకిలి. కాలువ వైపున్న వెనుక వరండాకు కూడా అంతే పెద్ద జోడు తలుపులు, అంతే వెడల్పు మెట్లు ఉండటం చూసి మొదట ఆశ్చర్యం కలిగింది. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపిన ప్రాంతం ఇది. ఆ కాలపు రాకపోకల్లో కాలువలకున్న చోటు తలచుకుంటే రెండు ముఖాలున్న భవనం కట్టడంలో వింత లేదు. ఆ వెనుక తలుపుకు ఇటుకలు పేర్చి మూసి, ముందు ఇనుప బీరువాలు నిలబెట్టారు.

1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం తరువాత ఇలాంటి సంస్థలకు ప్రధానమైన ఆదాయం స్థానిక సంస్థలు ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేసే గ్రంథాలయ సెస్సు. ఆ సొమ్ము అందినప్పుడు అందినంత మేరకే మరమ్మతు జరిగేది. కాబట్టి కప్పు కారితే కప్పు మీద ఒక పొర, గోడ ఊడితే ఆ మేరకు సిమెంటు, నేల పగిలితే దాని మీదే టైల్సు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. అందరూ తమ చేతికి అందిన దానితో భవనాన్ని నిలబెట్టడానికి చూసినవారే. కాని ఆ పొరలన్నీ కలిసి భవనానికి చేసినది మేలు కాదు.

ముందుగా అడిగినది కొలతల నక్షా. అది ఎవరి దగ్గరా లేదు. కాబట్టి హాలు, గదులు, ప్రతి తలుపు, ప్రతి కిటికీ కొలిచి మేమే గీసుకున్నాము. ఈ పనికి విడిగా డబ్బివ్వడం అనవసరమని కార్యాలయంలో అభిప్రాయపడ్డారు. కాని ఆ నక్షా గీస్తున్నప్పుడే హాలు బయటి ఎత్తుకూ లోపలి ఎత్తుకూ పొంతన కుదరడం లేదని, ఫాల్స్ సీలింగు పైన మనిషి నిలబడేంత ఖాళీ ఉందని తెలిసింది. తరువాత ప్రతి గోడకూ ఒక కాగితం పెట్టి, ఎక్కడ నెమ్ము ఉంది, ఎక్కడ ఉప్పు పొంగింది, ఎక్కడ బీటలున్నాయి, ఎక్కడ సిమెంటు పూత ఉంది అన్నవి రంగు పెన్సిళ్లతో గుర్తించాము. నాలుగు రకాల గుర్తులూ వేసి చూసేసరికి నెమ్ము గుర్తులు దాదాపుగా సిమెంటు గుర్తులకు పైఅంచున వరసగా వచ్చాయి. గుడి పనులు చేసిన ఒక పెద్ద వయసు తాపీ మేస్త్రిని సలహా కోసం పిలిపించాము. ఆయన ఆ కాగితాలు చూడకుండానే గోడ మీద అరచెయ్యి ఆనించుకుంటూ నడిచి, "సిమెంటు కట్టిన చోటల్లా నీరు దారి దొరక్క పైకెక్కిందమ్మా. నడుము దాకా ఆపుదామని చూశారు, ఇప్పుడు తలదాకా వచ్చింది" అన్నాడు.

పని ఒప్పుకోవడానికి ముందు హైదరాబాదు కోఠీలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనాన్ని చూసి వచ్చాను. 19వ శతాబ్దం తొలి సంవత్సరాలలో అప్పటి బ్రిటిష్ రెసిడెంటు కర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ భవనం 1949లో మహిళా కళాశాల చేతికి వచ్చింది. అక్కడి దర్బారు హాలు పైకప్పులో కాగితపు గుజ్జుతో చేసిన నగిషీ ఉంది. కాగితంతో చేసిన అలంకారం కూడా రెండు శతాబ్దాలు దాటి నిలవగలదని, దానికి శత్రువు కాలం కాదని, పైనుంచి దిగే నీరని అక్కడ అర్థమైంది. విజయవాడలో 1887లో శంకుస్థాపన జరిగిన విక్టోరియా జూబిలీ భవనం కూడా పునరుద్ధరణ తరువాత 2020లో బాపు మ్యూజియంగా మళ్లీ తెరుచుకుంది. ఇవి చూసిన తరువాత మా గ్రంథాలయంలో లోపలి పనికి పూనుకోవలసినది మిద్దె మీది నుంచే అన్న నిర్ణయానికి వచ్చాను. ఇంటీరియర్ డిజైనరు మిద్దె ఎక్కడమేమిటని అడిగినవారున్నారు. మిద్దె కారుతున్న హాలులో గోడకు ఏ రంగు వేయాలన్న చర్చ వ్యర్థమని వారికి చెప్పవలసి వచ్చింది.

ఫాల్స్ సీలింగు విప్పిన రోజున అందరూ హాలులోకి వచ్చి తలెత్తి చూశారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలకల వెనుక బర్మా టేకు దూలాలు అడుగున్నర ఎడంతో వరసగా ఉన్నాయి. వాటి మీద సన్నని చిన్న ఇటుకలు నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చి ఉన్నాయి. దీనినే మద్రాసు టెర్రస్ అంటారు. ఇటుకల వరస మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన జల్లిని పోసి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ రోజుల తరబడి చెక్క బడితెలతో కొట్టి గట్టిపరచి, ఆపైన పలుచని పెంకు బిళ్లలు పరిచేవారు. ఇనుప చువ్వ ఒక్కటి కూడా లేని ఈ కప్పు, దూలాల చివరలు పొడిగా ఉన్నంతకాలం చెక్కుచెదరదు. బలహీనత అంతా ఆ చివరల్లోనే, అంటే గోడలోకి దూరిన జానెడు భాగంలోనే ఉంటుంది. కప్పు మీది నీరు గోడలోకి దిగితే, నలువైపులా మూసుకుపోయిన ఆ కలప కొస మెల్లగా పుచ్చుతుంది, ఆ వెనుక చెదలు వస్తాయి. కింది నుంచి చూస్తే దూలం నిగనిగలాడుతూనే ఉంటుంది.

కాబట్టి ప్రతి దూలాన్నీ గోడ దగ్గర సుత్తితో తట్టి శబ్దం విన్నాము, దబ్బనంతో పొడిచి చూశాము, తేమ కొలిచే పరికరం ఆనించాము. ఎక్కువ భాగం గట్టిగా ఉన్నాయి. వర్షపు నీటి గొట్టం పగిలిన మూలలో కొన్ని కొసలు పిండి అయిపోయాయి. వాటి కింద తాత్కాలికంగా ఊతకర్రలు పెట్టి, పుచ్చిన భాగం కోసి, పాత కూల్చివేతల నుంచి వచ్చిన టేకుతో అతుకు వేసి, ఇరువైపులా ఉక్కు పట్టీలు బిగించాము. అతుకు కనపడకుండా వార్నిషు పూయాలని వడ్రంగి అడిగితే వద్దన్నాను. ఏది పాతది, ఏది మేము కలిపినది అన్నది దగ్గరికి వెళ్లి చూసినవాడికి తెలియాలి; పాత కట్టడాల సంరక్షణకు అంతర్జాతీయంగా రాసుకున్న 1964 వెనిస్ చార్టరు మొదలు ఈ రంగంలో పెద్దలందరూ చెప్పే నియమమది. దూరం నుంచి చూసినవాడికి అతుకు కంటికి అడ్డు రాకుండా చూసుకుంటే చాలు.

మిద్దె మీద, పాత జల్లి పైన సిమెంటు కాంక్రీటు పొర, దాని మీద తారు షీట్లు, మళ్లీ సిమెంటు. ఆ బరువంతా దూలాల మీదే. పైపొరలు యంత్రాలు వాడకుండా ఉలి, సుత్తితోనే తీయించాము, ఎందుకంటే డ్రిల్లు అదురుకు కింది ఇటుకలు సడలిపోతాయి. తీసిన బరువుతో లారీలు నిండాయి. ఆపైన సున్నపు జల్లి, పెంకు బిళ్లలు మళ్లీ వేయించి, నీటివాలు సరిచేయించి, గొట్టాలను గోడకు దూరంగా మళ్లించాము.

ఇక గోడల సంగతి. డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉంటుంది. ఈ కాలపు గోడలకు పునాదిలో నెమ్మును ఆపే పొర లేదు. కట్టినవారు అది లేకపోయినా గోడ ఆరేలా సున్నపు పూత వేశారు. గోడలోకి ఎక్కిన తడి పూతలోని సన్నని రంధ్రాల గుండా ఆవిరైపోయేది. సిమెంటు పూతలో, ప్లాస్టిక్ ఎమల్షన్ రంగులో ఆ దారి మూసుకుపోతుంది. తడి తనతోపాటు నేలలోని ఉప్పును కూడా పైకి తెస్తుంది. ఎక్కడ ఆరితే అక్కడ ఉప్పు స్ఫటికాలై ఉబ్బి ఇటుక ముఖాన్ని పొరలు పొరలుగా రాల్చేస్తుంది. దీనికి తోడు ముందున్న రోడ్డు మీద ఏళ్ల తరబడి తారు మీద తారు వేయడంతో ఆవరణ నేల పల్లమై, వానపడితే గోడ మొదట్లోనే నీరు నిలిచేది. అందుచేత లోపలి గోడకు మా మొదటి చికిత్స గోడ బయట జరిగింది: ఆవరణ మట్టి తీసి నేల దించి, గోడకు కాస్త ఎడంగా కంకర నింపిన కాలువ తవ్వి, నీటిని మురుగు కాలువకు మళ్లించడం. ఆ తరువాతే లోపల సిమెంటు పూతంతా చెక్కించి, ఇటుకల సందులు లోతుగా గీకించి, ఒక వేసవి అంతా గోడలను అలాగే వదిలేశాము. ఉప్పు మరీ ఎక్కువగా ఉన్న చోట్ల తడిపిన కాగితపు గుజ్జును గోడకు అంటించి, అది ఎండి ఉప్పును లాగిన తరువాత తీసేయించాము.

వదిలేయడం అన్న మాట రాయడం తేలిక. ఖాళీగా, ఇటుకలు బయటపడి, దుమ్ముతో ఉన్న హాలును నెలల తరబడి అలా ఉంచడానికి ప్రభుత్వ పనిలో ఎవరూ ఒప్పుకోరు. పనికి పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి వచ్చిన నాటి నుంచి అందరి దృష్టీ మార్చి 31 మీదే ఉంటుంది. ఆ తేదీలోగా బిల్లు పెట్టకపోతే నిధులు వెనక్కి పోతాయన్న భయం. సిమెంటు పని ఆ లెక్కకు సరిపోతుంది. సున్నపు పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మళ్లీ సున్నపురాయిగా మారాలి, దానికి వారాలు, నెలలు పడుతుంది. ఒక పూతకూ మరో పూతకూ మధ్య వ్యవధి ఇవ్వకపోతే పైపూత పట్టు తప్పి ఊడుతుంది. ఈ చిక్కుకు మేము చేసిన ఉపాయం పనిని రెండుగా విడగొట్టడం. మిద్దె, డ్రైనేజీ, సిమెంటు తొలగింపు ఒక అంచనాగా ఆ ఆర్థిక సంవత్సరంలోను, పూత, నేల, విద్యుత్తు, ఫర్నిచరు మరో అంచనాగా తరువాతి సంవత్సరంలోను పెట్టాము. నడుమ వచ్చిన వేసవి గోడలు ఆరడానికి దానంతట అదే దొరికింది. పాత భవనం పని చేసేవారు డిజైను గీయడానికి ముందే ఇలాంటి క్యాలెండరు ఒకటి గీసుకోవాలని నా సలహా.

రేట్ల విషయంలో మరో చిక్కు వచ్చింది. ఇంజనీర్లు అంచనా వేసేది స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్, అంటే ప్రభుత్వ పనుల రేట్ల పట్టిక చూసి. మాకు కావలసిన రకం పూతకు నేరుగా సరిపోయే ఐటెం అందులో దొరకలేదు. అప్పుడు ఒక చిన్న గోడ భాగం మీద పూత వేయించి, ఎంత సున్నం, ఎంత ఇసుక, ఎందరు మనుషులు, ఎన్ని గంటలు అన్నది ఇంజనీర్ల సమక్షంలోనే రాసుకుని, దాని నుంచి రేటు కట్టారు. శాఖలో దానిని అబ్జర్వ్‌డ్ డేటా అంటారు. ఆ కాగితాలలో బెల్లం, కరక్కాయ కిలోల లెక్కన కనపడేసరికి, భవనం పనిలో తినే వస్తువులు ఎందుకు వచ్చాయని ఆడిట్ వారు వివరణ అడిగారు. వివరణ ఇచ్చాము. ఆ ఫైలు చదివిన తరువాతి అధికారి ఎవరో పక్కన పెన్సిల్‌తో "కరక్కాయ – అవసరమే" అని రాసిపెట్టారు. ఈ పనిలో నాకు నచ్చిన సాంకేతిక అనుమతి అదే.

టెండరులో తక్కువ రేటు వేసినవారికే పని ఇవ్వవలసి ఉంటుంది గనుక, కాంట్రాక్టరుకు సున్నపు పనిలో అనుభవం ఉంటుందన్న హామీ లేదు. అందుచేత టెండరు షరతుల్లో రెండు వాక్యాలు చేర్పించాము: పూత పని మొదలుపెట్టే ముందు మూడు రకాల మాదిరులు గోడ మీద వేసి ఆమోదం పొందాలి, పని నడిచినన్నాళ్లూ సున్నపు పనిలో అనుభవమున్న మేస్త్రి ఒకరు స్థలంలో ఉండాలి. ఆ రెండవ వాక్యం పుణ్యమా అని మొదట సలహాకు వచ్చిన పెద్దాయనే కాంట్రాక్టరు దగ్గర కుదిరాడు. పొడి సున్నం తెప్పించి, గుంటలో నీళ్లు పోసి విరిసిన సున్నాన్ని వారాల పాటు నీటి కిందనే ఉంచాడు. ఇసుక ఏటి ఇసుకే కావాలని, సముద్రం దగ్గరిది తెస్తే వెనక్కి పంపుతానని ముందే చెప్పాడు, ఎందుకంటే ఉప్పును గోడ నుంచి అంత కష్టపడి తీసిన తరువాత ఇసుకతో మళ్లీ ఎక్కించడంలో అర్థం లేదు. ఇటుక పొడి, అంటే సుర్కీ కలిపిన మొదటి పూత, దాని మీద ఇసుక తగ్గించిన రెండవ పూత, చివర మెత్తని సున్నంతో సన్నని పూత. మొదటి పూత ఆరాక, గోడ అటూఇటూ కొంత ఎగుడుదిగుడుగా ఉందని, స్కేలు పెట్టి సరిచేయాలని యువ ఇంజనీరొకరు పట్టుబట్టారు. ఆ గోడ కట్టిననాడే తాడుకు సరిగా లేదు. దానిని తిన్నగా చేయాలంటే ఒక చివర రెండు అంగుళాల పూత వేయాలి. అంత మందం నిలవదు. కిటికీ వెలుతురు పక్కనుంచి పడినప్పుడు ఆ గోడ మీద కనిపించే మెల్లని నీడ నాకైతే హాలులో అన్నిటికన్నా అందంగా తోస్తుంది.

ఇక్కడ ఒక మాట. పాత భవనం అనగానే పూత చెక్కేసి ఇటుకలు బయటపెట్టి వార్నిషు కొట్టడం, పసుపు దీపాలు వేలాడదీయడం ఈ మధ్య హోటళ్లు, కాఫీ షాపుల పుణ్యాన ఒక పద్ధతి అయింది. మాకు కూడా అలాగే చేయమని సూచన వచ్చింది. పూత కింద దాగి ఉండటానికి పేర్చిన ఇటుక అది, కాల్పు తక్కువది, మెత్తనిది. దాన్ని బయటపెట్టడమంటే చర్మం ఒలిచిన ఒంటిని ఎండలో నిలబెట్టడమే. చదువుకునేవారి చొక్కాలకు ఎర్రపొడి అంటుకోవడం అదనం.

రంగు ఎంచుకోవలసిన అవసరం నాకు రాలేదు. ఒక కిటికీ పక్కన గోడ మీద రంగు పొరలను బ్లేడుతో ఒక్కొక్కటిగా గీకుతూ పోతే ఎమల్షన్ కింద డిస్టెంపరు, దాని కింద వెల్లలు, అన్నిటి అడుగున నీలిమందు కలిపిన పలుచని నీలిరంగు సున్నం, కింది భాగంలో కావి రంగు పట్టీ బయటపడ్డాయి. ఆ రెండే మళ్లీ వేయించాము. అవి సున్నపు రంగులు కాబట్టి గోడ ఆరడానికి అడ్డురావు. ఏటా సంక్రాంతికి ముందు ఒక పూత వేసుకుంటే చాలు, చేయి తిరిగిన పెయింటరు అక్కరలేదు. తలుపులు, కిటికీల మీది ఆయిల్ పెయింటు పొరలు తీసేస్తే టేకు రంగు వచ్చింది గాని, రోడ్డు వైపువి ఎండవానలకు పగిలి ఉండటంతో వాటికి పాత ఆకుపచ్చ రంగునే తిరిగి వేయించాము.

నేల విషయం తొందరగా ముగిసింది. విట్రిఫైడ్ టైల్సు లేపితే అడుగున కడప బండలు ఉన్నాయి. టైల్సు అతికిన సిమెంటు అక్కడక్కడ వాటికి పట్టుకుని ఉంటే రాతితో అరగదీయించాము. పగిలినవి మార్చాము. కొత్త బండ నలుపు, పాత బండ నలుపు ఒకటి కావు, కలవాలని ప్రయత్నించలేదు.

గాలి, వెలుతురు గురించి ఎక్కువ రోజులు ఆలోచించాము. ఏసీలు వద్దన్నప్పుడు అందరికన్నా ముందు బాధపడింది అక్కడ పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు. గ్రూప్స్, డీఎస్సీ అంటూ పొద్దున్నే వచ్చి రాత్రి తాళం వేసేదాకా కూర్చునేవారు వారే. భవనానికి నిజమైన యజమానులు వారు, వరండాలో దినపత్రికలు చదివే పెన్షనర్లు. కాబట్టి వారికి కారణం చెప్పవలసిన బాధ్యత నాకుంది. అంత ఎత్తు హాలును చల్లబరచాలంటే ఫాల్స్ సీలింగు మళ్లీ దించాలి, గవాక్షాలన్నీ మూయాలి. దూలాల మీద గాలి ఆడదు. పగలు ఏసీ వేసి రాత్రి ఆపితే తేమ రోజూ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, కాగితానికీ కలపకూ నిలకడైన ఉక్క కన్నా ఆ ఎగుడుదిగుడే చెరుపు. బదులుగా కాలువ వైపు తలుపుకు అడ్డుగా కట్టిన ఇటుకలు తీయించాము. పైన గాజు పలకలు బిగించేసిన గవాక్షాలను తాడు లాగితే తెరుచుకునేలా పాత కీళ్లతో బాగుచేయించాము. వేడిగాలి పైనుంచి పోయి, కాలువ గాలి కిందనుంచి వచ్చే దారి కట్టినవారే పెట్టి ఉంచారు. మేము దాని ముందు నుంచి బీరువాలు జరిపాము. జాతీయ భవన నియమావళి ప్రకారం అంతమంది కూర్చునే హాలుకు అత్యవసరంలో బయటపడటానికి రెండవ దారి కావాలన్న అగ్నిమాపక నిబంధన కూడా ఆ తలుపుతోనే తీరిపోయింది. పొడవాటి రాడ్లతో పాత కొక్కేలకే ఫ్యాన్లు బిగించాము. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఉక్కగానే ఉంటుంది, దానిని కాదనను.

అరుదైన పాత పత్రికలు, తాళపత్రాలు ఉన్న చిన్న గది ఒక్కటీ వేరు. సాపేక్ష తేమ 65 శాతం దాటితే బూజు పట్టే ప్రమాదం మొదలవుతుంది, డెల్టాలో వానాకాలమంతా అది దాటే ఉంటుంది. ఆ గదిలో ఏసీ బదులు తేమ తీసే యంత్రం ఒకటి పెట్టి రాత్రింబగళ్లు నడిపిస్తున్నారు. అక్కడి దీపాల వెలుగు 50 లక్సులకు (లక్సు వెలుతురును కొలిచే ప్రమాణం) మించకుండా, అతినీలలోహిత కిరణాలు లేనివి చూసి పెట్టాము. చదువుకునే బల్లల మీద 300 లక్సులు ఉంది.

విద్యుత్తు తీగల కోసం గోడను కోయకూడదని ముందే నిర్ణయం. తీగలన్నీ దూలాల పక్కగా ఇనుప గొట్టాల్లో పరుగెత్తుతాయి. ప్రతి బల్ల జత మీదికీ దూలం నుంచి ఒక ఇత్తడి గొట్టం దిగుతుంది, దానిలోనే దీపం, దాని అడుగున ల్యాప్‌టాప్ కోసం ప్లగ్గులు. గొట్టాన్ని దూలానికి మేకు కొట్టకుండా పట్టీతో బిగించాము. రేపు ఇంకొకరు వచ్చి దీనికన్నా మంచి పద్ధతి తెస్తే, స్క్రూ విప్పి మొత్తం దించేయవచ్చు. టేకు మీద ఒక్క రంధ్రం కూడా మిగలదు.

పుస్తకాల బరువు చాలామంది ఊహించేదానికన్నా ఎక్కువ. మన భారతీయ ప్రమాణాల ప్రకారం పుస్తకాల స్టాక్ గది నేల చదరపు మీటరుకు కనీసం 6 కిలోన్యూటన్లు, అంటే సుమారు 600 కిలోల బరువు మోయాలి. అది కూడా రాకు 2.2 మీటర్ల ఎత్తు వరకే, ఆపైన ఇంకా పెరుగుతుంది. టేకు దూలాల మీదున్న మేడ గది అంత మోయడానికి కట్టినది కాదు, అయినా పాత బౌండు పత్రికలన్నీ ఏళ్లుగా అక్కడే ఉన్నాయి. వాటన్నిటినీ కిందికి దించి, పక్క గదుల్లో నేల మీద నిలబడే ఉక్కు రాకుల్లో, బయటి గోడలకు అరడుగు ఎడంగా పెట్టాము. ఆ ఎడం చోటు వృథా అని కొందరు గోడకు ఆనించబోతే గ్రంథపాలకురాలు ఒప్పుకోలేదు; చెదలు వస్తే ముందు కనపడేది ఆ సందులోనే అని ఆమె వాదన, అది సరైనదే. పాత గాజు తలుపుల టేకు బీరువాలు, ఎనిమిది అడుగుల బల్లలు, ఏటవాలు పేపరు స్టాండ్లు బాగుచేయించి వాడుతున్నాము. కుర్చీలు మాత్రం కొత్తవి. పాతవి చూడటానికి బాగుండేవి, కాని రోజుకు పదిగంటలు కూర్చునే పిల్లల నడుముకు అవి పనికిరావు.

చక్రాల కుర్చీలో వచ్చేవారి కోసం ర్యాంపు విషయంలో కొంత వాదన జరిగింది. అరుగు ఎత్తు మూడడుగులు. 12 అడుగులకు ఒక అడుగు వాలు చొప్పున 36 అడుగుల పొడవు, నడుమ నిలబడటానికి చదును చోటు కావాలి. ముందు మెట్లను పగలగొట్టి పొట్టి ర్యాంపు పెడదామన్నవారు ఒకవైపు, ముఖద్వారం పాడవుతుంది కనుక అసలే వద్దన్నవారు మరోవైపు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం తరువాత అసలే వద్దనడానికి ఎవరికీ వీలు లేదు. పొట్టి ర్యాంపు మీద ఎవరూ ఎక్కలేరు. పక్క వరండా వెంట మలుపు తిరుగుతూ ఉక్కు చట్రంతో, గోడకు ఎక్కడా తగలకుండా కట్టించాము. ఎక్కిన వ్యక్తి పక్క దారిన పోకుండా అందరితోపాటు ముందు వరండాలోకే చేరేలా చూశాము. మరుగుదొడ్లు మాత్రం భవనం లోపల పెట్టలేదు. సున్నపు గోడ వెంట నీటి గొట్టం నడపడం కన్నా ఆవరణలో విడిగా కట్టడమే మేలు.

అప్పగింతల రోజున గ్రంథపాలకురాలికి ఒక రిజిస్టరు ఇచ్చాము. వానలకు ముందు మిద్దె మీది ఆకులు తీయించడం, ఆర్నెల్లకోసారి దూలాల కొసలు తట్టి చూడటం, గోడకు సిమెంటు, పుట్టీ, ప్లాస్టిక్ రంగు వాడకపోవడం, మేకు కొట్టవలసి వస్తే ఎక్కడ కొట్టవచ్చో గీసిన నక్షా అందులో ఉన్నాయి. రెండవ వానాకాలం తరువాత వెళ్లి చూస్తే ఉత్తరం గోడ అడుగున మళ్లీ కొంత ఉప్పు కనిపించింది; అది పూతను రాల్చి పోయే ఉప్పు, ఇటుకను కాదు, ఆ మేరకు పూత మార్చుకుంటే సరిపోతుంది. మేడ గదికి మాత్రం ఇంకా రెండు దూలాలు మార్చాలి. అంచనా పంపాము, మంజూరు రాలేదు. అంతవరకు ఆ గదిలో పుస్తకాలు పెట్టరాదని తలుపు మీద రాయించి తాళం వేశారు.